చెయ్యి లేచే దాకా

1. తొడుగులు ఊడబెరికిన మర్నాడు

ఈ అక్షరాలు పీత పాకినట్టు ఉంటే తప్పు నాది కాదు, నా వేళ్ళది. బుద్ధెరిగాక అవి సొంతంగా చేస్తున్న మొదటి పని ఇదే. నేను నాలుగో తరగతి దాకా చదివాను గాని, అప్పుడు కూడా బలపం పట్టింది తొడుగే.

నిన్నటిదాకా నా ఒట్టి చేతులు ఎలా ఉంటాయో నాకే గుర్తులేదు. ఐదో ఏట భుజం నుంచి వేళ్ళ దాకా, మణికట్టు దగ్గర వేలెడు సందు వదిలి, కండతొడుగు వేస్తారు. పెరిగేకొద్దీ పెద్దది మారుస్తారు. మనిషి పనికి రాకుండా పోయినప్పుడు తీసేస్తారు. వల లాగేది తొడుగు, బిందె ఎత్తేది తొడుగు, ముద్ద నోట్లో పెట్టేదీ తొడుగే. మనం అనుకుంటే చాలు. అందుకే లోపలి చేతులు ఎండు నెత్తళ్ళ చేపల్లా మిగిలాయి. నిన్న అవి బయటపడగానే చుట్టూ ఉన్న ఆడవాళ్ళు మొహాలు తిప్పుకున్నారు, నేనేదో గుడ్డ విప్పి నిలబడ్డట్టు.

నేను చేసిన నేరం పెద్దదేం కాదు. గంగమ్మ పండగ నాడు తలారి గవర్రాజు స్నానానికి తొడుగులు విప్పినప్పుడు వాటిలో గుప్పెడు ఎండుకారం పోశాను. అతను వాటిని వేసుకుని, కొబ్బరికాయ కొట్టబోయి, గెంతులేసి, ఇనప స్తంభాన్ని గుద్దాడు. స్తంభం సొట్టపోయింది. ఆపబోయిన పూజారికి రెండు పళ్ళు ఊడాయి. ఇన్నేళ్ళ నా అల్లరిలో అంత బాగా పండింది ఇంకోటి లేదు.

తలారి అంటే మా గూడుకి పెద్ద. గూడు అంటే సముద్రం మధ్య ఇనప స్తంభాల మీద మేం బతికే చోటు. కింద రేవులో మేం, మా వలలు. మీద రేవులో తలారి, బియ్యం, మంచినీళ్ళు. రెంటికీ మధ్య ఒక్కటే నిటారు నిచ్చెన. తలారి మెళ్ళో ఒక బిళ్ళ ఉంటుంది. దాని ఎర్రవైపు నొక్కితే, అది ఎవరి దగ్గరుందో వాళ్ళవి తప్ప గూడులో అందరి తొడుగులూ చచ్చుబడతాయి. తెల్లవైపు నొక్కితే లేస్తాయి. తొడుగు కట్టుకి ఆనిస్తే కట్టు టక్కున ఊడుతుంది. నావి అలాగే ఊడాయి.

గవర్రాజుకి కొట్టడంలో ఒక పద్ధతుంది. ముందు బిళ్ళ నొక్కుతాడు. ఎదుటివాడి చేతులు ధబ్బున వేలాడతాయి. అప్పుడు ముక్కు గీరుకుని, తీరిగ్గా మొదలుపెడతాడు. నిన్న నన్ను కొట్టినప్పుడు నొక్కాల్సిన అవసరం లేదు, అయినా నొక్కాడు. అలవాటు మరి. నా కింది పెదవి ఇప్పుడు రెండు పెదవులు.

"తుఫాన్ల కాలం ఎల్లీదాకా దీనికి తొడుగుల్లేవు" అన్నాడు చివర్లో.

అందరూ తలలు దించుకున్నారు. తుఫానొస్తే కింద రేవు మునుగుతుంది. నిచ్చెనెక్కి మీదకి పోవాలి. చేతుల్లేనిదాన్ని ఎలా ఎక్కుతాను? అతను నాకు వేసింది ఉరి, తాడు మాత్రం సముద్రాన్ని పట్టుకోమన్నాడు.

పోయిన తుఫానులో మా ఆయన గురయ్య నాకంటే ఒక మెట్టు పైన ఉన్నాడు. మీద రేవు ఇంక బరువు మొయ్యదని గవర్రాజు ఎర్రవైపు నొక్కాడు. నా మోచెయ్యి మెట్టు సందులో ఇరుక్కుంది కాబట్టి నేను వేలాడాను. గురయ్య నా చెంప రాసుకుంటూ కిందికి పోయాడు. అరవలేదు. ఆశ్చర్యపోయినట్టు చూశాడంతే.

2. గంజి ఒలికిన రోజు

గంజి గిన్నె నోటిదాకా రాలేదు. ఒళ్ళంతా గంజే. మా అత్త పోలమ్మ మూల కూర్చుని తన ముద్ద తాను తింటోంది. ముసల్ది పనికి రాదని ఆమె తొడుగులు ఎప్పుడో తీసేశారు. ఇన్నాళ్ళూ ఆమె పక్కనే కూర్చుని తిన్నాను, ఆ చేతులు ఎలా లేస్తున్నాయో చూడనేలేదు.

"అత్తా, నీ సెయ్యి ఎలాగ లెగుస్తాదే?"

"లెగకపోతే ముద్ద నోట్లోకి రాదు కదే! ఆకలేస్తే అదే లెగుస్తాది."

"నాకు నిచ్చెనెక్కే సెయ్యి కావాల."

అత్త నమలడం ఆపింది. ఆమె పిల్లగా ఉన్నప్పుడు తొడుగుల్లేవు. వాళ్ళమ్మ ఒట్టి చేతుల్తో వల లాగేదట, రోట్లో పిండి రుబ్బేదట.

"గోడ తొయ్యి" అంది.

"గోడ పడిపోతాదేటి?"

"పడదు. నువ్వే పడతావు. లెగిసి మళ్ళీ తొయ్యి."

గోడకి మూరెడు దూరంలో నిలబడి, అరచేతులు ఆనించి, ఒళ్ళు వంచకుండా ముందుకి వాలి, మళ్ళీ వెనక్కి తోసుకోవాలి. అంతే. ముక్కు గోడకి గుద్దుకుని పగిలింది. కొట్టడానికి గవర్రాజే అక్కర్లేదు, ఇంట్లోనే పని జరిగిపోయింది.

3. ఒళ్ళు పచ్చిపుండైన రోజు

నిన్న మొండికేసి పొద్దున్నుంచీ పొద్దుగూకేదాకా గోడ తోశాను. ఇవాళ వేలు కదిపినా కళ్ళమ్మట నీళ్ళు. ఈ ముక్క రాయడానికి బొగ్గు పళ్ళ మధ్య పెట్టుకోవాల్సొచ్చింది.

అత్త తిట్టిన తిట్లన్నీ రాస్తే బియ్యం సంచుల కాగితం చాలదు. "కండ తోసినప్పుడు పెరగదే తిక్కలదానా, తిని తొంగున్నప్పుడు పెరుగుతాది. ఒకనాడు తొయ్యి, ఒకనాడు ఊరుకో. సేప తిను." చేప ఎక్కడిది? పని చెయ్యనివాళ్ళకి వాటా లేదు. పక్కింటి దానమ్మ ఎండబెట్టిన చేపలు మా చూరు పక్కనే ఉన్నాయి. అవి పక్షులు ఎత్తుకుపోయాయని నేనే ముందుగా గోల పెట్టాను.

4. బక్కెట్టు లేచిన రోజు

ఇప్పుడు గోడ చిన్నపిల్లల ఆట. గోడ తర్వాత గడప, గడప తర్వాత నేల. బోర్లా పడుకుని అరచేతుల మీద లేవడం మొదట్లో ఒక్కటి కూడా రాలేదు. మోకాళ్ళు ఆన్చమంది అత్త. ఆన్చాను, వచ్చింది. ఇప్పుడు మోకాళ్ళు లేపేశాను.

తడి వల పిండుతున్నాను, ఒకసారి ఇటు మెలి, ఒకసారి అటు మెలి, చుక్క రాలనంత దాకా. పిండేటప్పుడు ఆ వల ఎవరి మెడ అనుకుంటున్నానో రాయక్కర్లేదు. సముద్రపు నీళ్ళు అరబక్కెట్టు పట్టుకుని గదిలో ఈ మూల నుంచి ఆ మూలకి నడుస్తున్నాను. బరువు చాలనప్పుడు ఇంకో చెంబు పోస్తున్నాను. ద్వారబంధం పైకమ్మీ పట్టుకుని వేలాడుతున్నాను. మొదట్లో అత్త "గంగమ్మా" అనేలోపే పడిపోయేదాన్ని. ఇప్పుడు ఆమె గంగమ్మ పాట ఒక చరణం పూర్తిగా పాడుతోంది. గొంతు బాగుండదు, అదొక శిక్ష.

దానమ్మ మంచిది. నా చేతులు చచ్చుబడ్డాయని రోజూ వచ్చి ముద్దలు కలిపి తినిపిస్తోంది. చేతులు లేస్తున్నాయని చెప్పాలి నిజానికి. ఇవాళ చెబుదామనుకున్నాను. రొయ్యల కూర తెచ్చింది. నోరు తెరిచి ఊరుకున్నాను.

5. గవర్రాజు మా గడప తొక్కిన రోజు

ఎవరో అతనికి చెప్పారు, నూకాలు, అంటే నేను, చిక్కిపోవాల్సింది పోయి నిగనిగలాడుతోందని. మధ్యాహ్నం దిగాడు. నేను వాకిట్లో కూర్చుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని ఆరబెట్టిన వల మీదికి వచ్చే పక్షుల్ని నోటితో తోలుతున్నాను. పైట భుజాల మీదుగా నిండా కప్పుకున్నాను.

"ఏటే నూకాలూ, ఎలగున్నావు?"

"నీ దయ, తలారి బాబూ. ముక్కు దురదేస్తే గోడకి రాసుకుంతన్నాను."

బిళ్ళ నొక్కాడు. పక్కింట్లో దానమ్మ చేతిలోంచి కుండ పడి బద్దలైన చప్పుడు. ముక్కు గీరుకున్నాడు. ఎడమ చెంప మీద కొట్టాడు. నా కుడిచెయ్యి తొడ కింద పాములా మెలికలు తిరిగింది. దాని మీద ఒళ్ళంతా వేసి కూర్చున్నాను. తలకి దెబ్బ తగలబోతుంటే చెయ్యి అడ్డం రాకుండా ఆపడం ఎంత కష్టమో నాకు ఇవాళ తెలిసింది. చెయ్యిని లేపడానికి ఇన్నాళ్ళు పట్టింది, ఆపడానికి అంతకంటే బలం కావాల్సొచ్చింది.

చూశాడు. నమ్మలేదనుకుంటాను. మూలనున్న అత్తని జుట్టు పట్టి లాక్కొచ్చి నా ముందు తన్నాడు. ఆమె డొక్క మీద. ఒకసారి, రెండోసారి. నా కళ్ళలోకి చూస్తూనే తన్నాడు.

అత్త నా వైపు చూసి చిన్నగా తల అడ్డంగా ఊపింది.

నేను ఏడ్చాను. ఏడవడానికి నటించనక్కర్లేదు. చేతులు మాత్రం తొడల కిందే ఉన్నాయి. అతను నా జుట్టుకి తన కాలు తుడుచుకుని వెళ్ళిపోయాడు.

రక్తం ఉమ్మి అత్త అంది, "రేపట్నించి నన్ను ఎత్తుకో. బక్కెట్టు కన్నా నాను బరువు."

6. అత్తని మోసిన రోజు

చీరతో అత్తని వీపుకి కట్టుకుని నేల మీంచి లేస్తున్నాను. ఆమె పైనుంచి తిడుతోంది. "నడుం దించకే! బద్దకం సచ్చినా ఒగ్గదు నిన్ను." అత్తగార్లు కోడళ్ళ నెత్తినెక్కుతారని విన్నాను గాని ఎక్కించుకుని వ్యాయామం చేసింది నేనే అయ్యుంటాను. ఆమె పక్కటెముక ఒకటి ఇంకా కిర్రుమంటోంది. నేను పైకి లేచినప్పుడల్లా నా చెవి పక్కన ఆ చప్పుడు.

పడమటి గాలి ఆగిపోయింది. సముద్రం నూనెలా ఉంది.

7. తుఫాను వెళ్ళాక రాసింది

ఎడమ భుజం ఎముక విరిగింది. కుడిచెయ్యి బాగానే ఉంది కాబట్టి రాస్తున్నాను.

మిట్టమధ్యాహ్నమే చీకటి పడింది. మొదటి అల మా గడప మీదుగా వచ్చి వంటగిన్నెలన్నీ పట్టుకుపోయింది. జనం నిచ్చెనకి ఎగబడ్డారు. పోయినసారి నేర్చుకున్న బుద్ధి, ఒక్కొక్కరి నడుముకి ఒక తాడు, మెట్టు ఎక్కగానే దాన్ని ఆ మెట్టుకి ముడేసుకుంటున్నారు. నేను అత్తని వీపుకి కట్టుకుని అందరికంటే వెనక ఉన్నాను.

దానమ్మ ఏడుస్తూ అంది, "వదినా, నిన్నెలగ మొయ్యనే!"

"మొయ్యక్కర్లేదు" అని ఆమె పక్కనే మెట్టు పట్టుకుని ఎక్కాను.

ఆమె నోరు తెరుచుకుంది. "ఓసి దొంగముండా! మరి నా సేత ముద్దలు పెట్టించుకున్నావేటే ఇన్నాళ్ళూ?"

"రొయ్యల కూర బాగుందే" అన్నాను.

అప్పుడే మీద నుంచి కేక వినబడింది. "సాలు! ఇంక బరువు మొయ్యదు!" వెంటనే ధబ్బుమని నిచ్చెన పొడవునా ఒకేసారి అందరి చేతులూ రాలాయి. మనుషులు నడుం తాళ్ళ మీద వేలాడారు, ఎండకట్టిన చేపల్లా. దానమ్మ మొగుడు మోసయ్య అప్పుడే పై మెట్టుకి ముడి మార్చుకుంటున్నాడు. నా కాలి పక్క నుంచి పోయాడు. ఆయన కూడా అరవలేదు. దానమ్మే అరిచింది.

కింద నీళ్ళు ఆమె మోకాళ్ళ దాకా వచ్చాయి.

నేను ఎక్కాను. నిచ్చెన పక్క కమ్మీ పట్టుకుని, వేలాడే మనుషుల వీపుల మీదుగా, భుజాల మీదుగా. ఒకడి నెత్తి మీద కాలేశాను, క్షమించమని చెప్పే తీరిక లేదు. అరచేతుల తోలు ఊడి కమ్మీకే అంటుకుపోయింది. వీపు మీద అత్త గంగమ్మ పాట పాడుతోంది, అదే చరణం.

మీద రేవు అంచు మీదికి తల పెట్టాను. ముందే ఎక్కినవాళ్ళు చచ్చిన చేతులతో బొమ్మల్లా నిలబడి ఉన్నారు. వాళ్ళ మధ్య గవర్రాజు ఒక్కడే కదులుతున్నాడు. నన్ను చూశాడు. ఒక్క గుద్దు గుద్దితే నా తల టెంకాయలా పగిలేది. ఇనప స్తంభాన్ని సొట్టపెట్టిన చెయ్యి అది.

కాని అతను పద్ధతి గల మనిషి. ముందు బిళ్ళ నొక్కాడు.

నా చేతులు పడిపోతాయని చూశాడు. ముక్కు గీరుకోబోయాడు కూడా. నేను అంచు మీదికి మోకాలు వేశాను. మళ్ళీ నొక్కాడు. బిళ్ళ వైపు చూశాడు, చెడిపోయిందేమో అన్నట్టు. మూడోసారి నొక్కుతుండగా నా పిడికిలి అతని గొంతు మీద పడింది.

మెత్తగా ఏదో చిట్లింది. వెనక్కి పడుతూ ఎడమచెయ్యి విసిరాడు. అది నా భుజానికి అంచులో తగిలింది. ఎముక విరిగిన చప్పుడు నాకంటే ముందు అత్త విన్నట్టుంది, "అయ్యో" అంది. ఇద్దరం అతని మీదే పడ్డాం. అతను రెండోసారి చెయ్యెత్తేలోపు అత్త నా భుజం మీంచి మెడ చాచి అతని చెవి కొరికింది. ఆమెకి మిగిలినవి మూడు పళ్ళు. మూడూ దించింది. చెవి సగం ఊడొచ్చింది. అతను కేకేసి తల గుంజుకున్నాడు, బిళ్ళ ఉన్న చెయ్యి నేలకి ఆనింది.

తొడుగుకి మణికట్టు దగ్గర వేలెడు సందు ఉంటుంది. అక్కడ పట్టుకున్నాను. ఆ సందులో ఉండేది ఒట్టి చెయ్యి, ఎండు నెత్తళ్ళ చెయ్యి. తడి వల పిండినట్టు ఇటు ఒక మెలి. అటు ఒక మెలి. చుక్క రాలనంత దాకా.

మెడతాడు తెగి బిళ్ళ నా వేళ్ళలోకి వచ్చింది. మరుక్షణం అతని తొడుగులు చచ్చి, రెండు ఇనప ముక్కల్లా నేలకి కొట్టుకున్నాయి. కాళ్ళతో నా పొట్టలో తన్నాడు, నుదుటితో నా ముక్కు పగలగొట్టాడు. కింద నుంచి దానమ్మ గొంతు నీళ్ళు మింగుతూ వినబడింది. అప్పుడే తెల్లవైపు నొక్కితే అందరి చేతులతో పాటు ఇతనివీ లేస్తాయి. లేస్తే మొదట నలిగేది మా అత్తే.

నెత్తురు కళ్ళలో పడుతుంటే తడుముకుంటూ బిళ్ళని అతని కుడి కట్టుకి ఆనించాను. టక్. నా ముంజేతిని కొరికాడు. కొరకనిచ్చాను. ఎడమ కట్టు. టక్. రెండు తొడుగులూ కాలితో సముద్రంలోకి తోశాను. అప్పుడు తెల్లవైపు నొక్కాను.

నిచ్చెన మీద జనం ఒక్కసారిగా ఊపిరి పీల్చినట్టు కదిలారు.

8. మీద రేవులో మొదటి పొద్దు

మీద రేవు బరువు మోసింది. అందరినీ మోసింది. ఒక్క మేకు కూడా కిర్రుమనలేదు. గురయ్యనీ, మోసయ్యనీ మోసేది.

దానమ్మ నీళ్ళు కారుతూ వచ్చింది. గవర్రాజు గోడకి జేరబడి ఉన్నాడు, చేతులు ఒళ్ళో, పాలుగారే తెలుపు, చర్మం ముడతలు. అవి ఎండ చూసి ఎన్నేళ్ళయిందో. దానమ్మ తొడుగు పిడికిలి ఎత్తింది. అతను కళ్ళు మూసుకున్నాడు. చేతులు ఒళ్ళోంచి లేవలేదు.

"ఆగు" అన్నాను.

"ఏటి ఆగీది? నా మొగుణ్ణి సంపీసినాడే!"

"నా మొగుణ్ణి నీకన్నా ముందు సంపీసినాడు. వరసలో నువ్వు నా ఎనక."

"మరి కొట్టు!"

నాకూ కొట్టాలనే ఉంది. అత్త డొక్కలో పడ్డ తన్నులు ఒక్కొక్కటీ గుర్తున్నాయి. కాని అలా వేలాడే చేతుల మనిషిని కొట్టడం ఎలా ఉంటుందో ఈ గూడులో అందరం చూశాం. అది గవర్రాజు పద్ధతి.

అతని ముందు గొంతుక్కూర్చున్నాను.

"ఇను తలారి బాబూ. సెయ్యి లెగనోణ్ణి నాను కొట్టను. నీ సెయ్యి లెగాల. నా దెబ్బకి అడ్డం రావాల. ఆ రోజు కొడతాను. ఆ రోజు దానమ్మా కొడతాది. గోడ అల్లదిగో. తొయ్యి."

9. పక్షి దిగిన రోజు

పొద్దున్నే మీద రేవు గోడ పొడవునా జనం. తొడుగులు విప్పి కుప్పేసి, ఆడా మగా గోడ తోస్తున్నారు. ముక్కులు పగలగొట్టుకుంటున్నారు. అత్త కర్ర పట్టుకుని మధ్యలో తిరుగుతూ "నడుం, నడుం" అని అరుస్తోంది. తలారితనం ఎవరిదని అడిగితే అందరూ ఆమె వైపే చూపిస్తారు, భయంతో. బిళ్ళ నా పెట్టె అడుగున ఉంది. ఎవరి తొడుగు వాళ్ళు ఊడదీసుకోవడానికి వాడతాం. ఎర్రవైపు మైనంతో మూసేశాను.

గవర్రాజునీ రోజూ గోడ దగ్గర నిలబెడతాం. అరచేతులు ఆనిస్తాడు, జారిపోతాడు. దానమ్మే అతనికి ముద్దలు పెడుతోంది. అన్నంలో రాళ్ళు ఏరకుండా పెడుతోంది, అది వేరే సంగతి. ఇన్నాళ్ళయినా చెయ్యి లేవడం లేదు. "ఈడి సేతులు సచ్చినట్టే వదినా, ఇంక లెగవు" అంది నిన్న, పళ్ళు నూరుతూ.

నేనూ నమ్మాను.

ఇవాళ అతని ముందు చేప ముక్కల పళ్ళెం పెట్టి దానమ్మ నీళ్ళకి వెళ్ళింది. నేను ఇవతల కూర్చుని ఇదే రాస్తున్నాను. ఒక తెల్లటి సముద్రపు పక్షి దిగి పళ్ళెం మీద వాలింది. గవర్రాజు కుడిచెయ్యి రివ్వున లేచింది. పక్షి రెక్కకి ఛెళ్ళున తగిలింది. ఈకలు ఎగిరాయి.

లేచిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. మెల్లగా తల తిప్పి చూశాడు. నా కళ్ళు అతని కళ్ళలో ఉన్నాయి. అప్పుడతను ఆ చెయ్యిని దించి, రెండోదాన్ని కూడా కలిపి, నెమ్మదిగా తొడల కిందికి దోపుకున్నాడు.

ఆ ఉపాయం నాకు కొత్త కాదు.

రాత ఆపుతున్నాను. కొంగు దోపుకుని దానమ్మని కేకెయ్యాలి.

ముందు నేను.